కవరు మీద మార్కస్ ఆరీలియస్, నాణెం మీద ఇంకెవరో! (రోమన్ వెండి, దేవుళ్ళైన చక్రవర్తులు)

మ్యూనిక్_శ్రీను
శనివారం రాత్రి 11.20

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ ఊళ్ళో నాణేల సంత జరిగితే వెళ్ళి నా మొదటి రోమన్ వెండి నాణెం కొన్నాను. తొంభై యూరోలు. కవరు మీద పెన్సిల్‌తో "మార్కస్ ఆరీలియస్, డినారియస్, ఆర్‌ఐసీ 438" అని రాసుంది (డినారియస్ అంటే రోమన్ల వెండి నాణెం, ఆర్ఐసీ అంటే రోమన్ నాణేల కేటలాగు నంబరు). రోమన్ చక్రవర్తుల్లో మార్కస్ అంటే నాకు పిచ్చి కాబట్టి బేరం కూడా ఆడలేదు.

ఇంటికొచ్చి భూతద్దం కింద పెట్టి చూస్తే గుండె జారింది. మొహం చుట్టూ ఉన్న అక్షరాల్లో "మార్కస్" అనే మాటే లేదు. "డివ్‌వ్‌స్ ఆంటొనిన్‌వ్‌స్" అని ఉంది. గడ్డం ఉంది, ముక్కు పొడుగు, తల మీద ఆకుల దండ లేదు, ఉత్త తల. బొరుసు వైపు నాలుగంతస్తుల కట్టడం, ఒక్కో అంతస్తూ పైకి పోయేకొద్దీ చిన్నదవుతోంది. అడుగు అంతస్తుకి తోరణాల్లాంటివి వేలాడుతున్నాయి. కొసన గుర్రాల బండి. మా ఆవిడ చూసి "పెళ్ళి కేకా?" అంది. దాని చుట్టూ "కాన్‌సెక్రాతియో" అని అక్షరాలు.

నేను మోసపోయానా? ఆ కేకు ఏమిటి?

గోదారోడు
శనివారం రాత్రి 11.34

తొంభై యూరోలకి కేకు కూడా ఇచ్చాడంటే మంచి బేరమే తమ్ముడూ.

పాతవెండి (నిర్వాహకుడు)
ఆదివారం ఉదయం 7.05

శ్రీను గారూ, టెన్షన్ పడకండి. కవరూ తప్పు కాదు, నాణెమూ తప్పు కాదు. ముందు "డివ్‌వ్‌స్" అని చదవడం మానండి. వాళ్ళకి "ఉ" అక్షరానికీ "వ" అక్షరానికీ ఒకటే గుర్తు. అది "డివుస్ ఆంటొనీనుస్". డివుస్ అంటే చనిపోయాక సెనేట్ తీర్మానంతో దేవుళ్ళలో కలిపినవాడు. పుట్టుకతోనే దేవుడైన జూపిటర్ లాంటివాళ్ళకి వేరే మాట ఉంది, "దెయుస్". మనం కాలం చేసిన పెద్దాయన్ని "దేవుడిలో కలిసిపోయాడు" అంటాం చూడండి, దానికి ప్రభుత్వ ముద్ర పడితే డివుస్. అలా దేవుణ్ణి చేసే తంతే ఆ "కాన్‌సెక్రాతియో".

మీ దగ్గరున్న బొమ్మ ఆంటొనినస్ పయస్‌ది. 138 నుంచి 161 దాకా ఏలాడు. 161 మార్చిలో పోయాడు. ఆ తర్వాత గద్దెనెక్కిన పెంపుడు కొడుకు మార్కస్ ఆరీలియస్ ఈ నాణెం కొట్టించాడు. కేటలాగుల్లో ఎవరు కొట్టిస్తే వాళ్ళ పద్దు కిందే వేస్తారు, బొమ్మ ఎవరిదైనా సరే. అందుకే కవరు మీద మార్కస్. మీరు కొన్నది మార్కస్ నాణెమే, మొహం మాత్రం నాన్నది.

అసలుదా నకిలీదా అంటే, బరువు, వ్యాసం చెప్పండి. అంచు ఫోటో తప్పకుండా పెట్టండి.

జెర్సీ_సుజాత
ఆదివారం ఉదయం 8.40

ఈ ఆంటొనినస్‌ల గోల నాకూ మొదట్లో తెగ తికమక. గుర్తుపెట్టుకోడానికి ఒక చిట్కా. వట్టి "డివుస్ ఆంటొనీనుస్" అంటే పయస్. ముందు "ఎం" చేరి, వెనక "పియుస్" చేరితే మార్కసే దేవుడైనట్టు, అది 180లో కొడుకు కొమొడస్ కొట్టించింది. "ఆంటొనీనో మాగ్నో" అని ఉంటే తర్వాతి కాలపు చక్రవర్తి కారకల్లా. ఆ చివరిది కనపడితే ధర కూర్చుని చూడండి, నిలబడి చూడొద్దు.

ఉత్త తల సంగతి: బతికున్న చక్రవర్తికి ఆకుల దండ ఉంటుంది, అది పదవికి గుర్తు. పోయినాయనకి పదవి అయిపోయిందిగా. నా లెక్క ఇది, పుస్తకంలో మాట కాదు.

నల్లగొండ_మాస్టారు
ఆదివారం ఉదయం 10.15

ఆ కేకు చితి, నాయనా.

రోమ్‌లో కాంపస్ మార్షియస్ అనే మైదానంలో కట్టేవారు. కర్రలతో లేపి, లోపల ఎండుపుల్లలు కూరి, బయట జరీ గుడ్డలు, దంతపు బొమ్మలు, చిత్తరువులు అలంకరించేవారు. మీరు చూసిన తోరణాలు అవే. హెరోడియన్ అనే చరిత్రకారుడు 211లో పోయిన చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ అంత్యక్రియల గురించి రాశాడు. ఆయన పోయింది బ్రిటన్‌లో, యార్క్‌లో. రోమ్‌కి చేరింది అస్థికలే. అందుకని మైనంతో ఆయన బొమ్మ చేసి దంతపు మంచం మీద పడుకోబెట్టారు. పాలిపోయిన రోగి మొహంలా చేశారట. వారం రోజులు వైద్యులు వచ్చి నాడి చూడటం, "ఇవాళ ఇంకొంచెం విషమించింది" అని ప్రకటించడం. ఏడో రోజున "పోయాడు" అన్నారు. అప్పుడు చితి దగ్గరికి మోసుకెళ్ళారు. గుర్రపు దళం చుట్టూ ప్రదక్షిణ చేసింది, వారసులు నిప్పు పెట్టారు, పై అంతస్తు నుంచి ఒక గద్దని వదిలారు. ఆ గద్ద ఆత్మని మోసుకుపోతుందని నమ్మకం. "కాన్‌సెక్రాతియో" నాణేల్లో కొన్నిటి మీద చితి, కొన్నిటి మీద గద్ద ఉండేది అందుకే.

దానికంటే నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకోటి. 193లో చక్రవర్తి పెర్టినాక్స్‌కి చేసిన తంతులో చరిత్రకారుడు కేసియస్ డియో స్వయంగా ఉన్నాడు. అక్కడా మైనపు బొమ్మే. పక్కన అందమైన కుర్రవాణ్ణి నిలబెట్టి, నెమలి ఈకలతో ఈగలు తోలించారట, నిద్రపోతున్న మనిషికి తోలినట్టు. మైనం మీద ఈగలు! ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చరిత్ర చెప్పాను. తేదీలు ఎన్ని మరచిపోయినా ఈ ఈగలు మాత్రం మరచిపోలేదు.

గోదారోడు
ఆదివారం ఉదయం 10.52

మాస్టారూ, వారం రోజులు బొమ్మకి నాడి చూసిన ఆ వైద్యుడికి ఫీజు ఎవరిచ్చారో?

జోక్ అటుంచితే, వీళ్ళలో ఈ తంతుని చూసి నవ్వుకున్నవాడు వెస్పాసియన్ చక్రవర్తి ఒక్కడే. చావు దగ్గర పడ్డప్పుడు "అయ్యో, దేవుణ్ణైపోతున్నట్టున్నానే" అన్నాడని చరిత్రకారుడు సుయెటోనియస్ రాశాడు. నిజంగానే చేశారు. కొడుకు టైటస్ 80, 81 ప్రాంతంలో నాన్న పేరున వెండి నాణేలు దండిగా కొట్టించాడు. మకరాలు డాలు పట్టుకున్నది నా దగ్గర ఒకటుంది. సగం అరిగిపోయినా మకరం తోకలు మాత్రం భేషుగ్గా ఉన్నాయి.

కాసులపేరు
ఆదివారం మధ్యాహ్నం 1.30

అందరూ చితి మీద పడ్డారు కానీ, అసలు ప్రశ్న వేరేది ఉంది. చచ్చినవాడి మొహం నాణెం మీద వేయడానికి డబ్బు ఎందుకు ఖర్చు పెట్టాలి? సైనికుడికి జీతం ఇస్తున్నది నువ్వు, నీ మొహం వేసుకో! నేను శాతవాహనుల నాణేలు సేకరిస్తాను. గౌతమీపుత్రుడి కొడుకు పులుమావి వెండి నాణెం మీద పులుమావి మొహమే ఉంటుంది, నాన్నది కాదు. తండ్రి మీద ప్రేమ లేకనా?

పాతవెండి (నిర్వాహకుడు)
ఆదివారం సాయంత్రం 4.10

మంచి ప్రశ్న. జవాబు చాలా చిన్నది. నాన్న దేవుడైతే నువ్వు దేవుడి కొడుకువి.

దీన్ని మొదలుపెట్టింది రోమ్ మొదటి చక్రవర్తి అగస్టస్. క్రీ.పూ. 44లో సీజర్ హత్య జరిగిన కొన్ని నెలలకి తోకచుక్క కనిపించింది. అది సీజర్ ఆత్మేనని జనం అనుకున్నారు. క్రీ.పూ. 42లో సెనేట్ ఆయన్ని దేవుణ్ణి చేసింది. తర్వాత అగస్టస్ కొట్టించిన డినారియస్ ఒకటుంది: బొమ్మ వైపు తను, బొరుసు వైపు ఎనిమిది కిరణాల తోకచుక్క, దానికి అటూ ఇటూ "డివుస్ యూలియుస్". వెండిలో ఇంతకన్నా అందమైనది నాకు తెలీదు. సీజర్‌తో రక్తసంబంధం మేనకోడలి కొడుకు వరస. కొడుకైంది వీలునామా ప్రకారం. చేతిలో ఉన్నది ఒక కాగితం, దానికి ఆకాశాన్ని సాక్ష్యం తెచ్చుకున్నాడు.

ఆంటొనినస్ కంటే ముందు ఏలిన హేడ్రియన్ కథ ఇంకా స్పష్టం. 138లో ఆయన పోతే సెనేట్ దేవుణ్ణి చేయం పొమ్మంది. తమవాళ్ళని చంపించాడని కోపం. ఆయన చేసిన పనులన్నీ రద్దు చేద్దామన్నారు. అప్పుడు మన ఆంటొనినస్, "ఆయన పనులు చెల్లకపోతే నన్ను దత్తత తీసుకోవడమూ చెల్లదు, మరి నేనెలా చక్రవర్తిని?" అన్నాడని డియో రాశాడు. సెనేట్ దిగొచ్చింది. "పయస్" అనే బిరుదు తండ్రి కోసం ఇలా పట్టుబట్టినందుకే వచ్చిందని ఒక కథ. శ్రీను గారి నాణెం మీద ఉన్నది ఆ మనిషే. ఒకప్పుడు నాన్నని దేవుణ్ణి చేసి గద్దె నిలబెట్టుకున్నాడు. ఇరవై మూడేళ్ళకి పెంపుడు కొడుకులిద్దరూ, మార్కస్, లూసియస్ వెరస్, ఆయన్ని దేవుణ్ణి చేశారు.

నల్లగొండ_మాస్టారు
ఆదివారం సాయంత్రం 5.00

దీనికి మా జిల్లాలో సాక్ష్యం ఉంది. అక్కనపల్లిలో పదిహేను వందల పైచిలుకు రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. అగస్టస్‌వీ, టైబీరియస్‌వీ. మన దేశంలో దొరికే రోమన్ వెండిలో ఎక్కువ భాగం ఈ ఇద్దరిదే. వీటిలో బాగా ఎక్కువగా కనపడే రెండు రకాల మీదా ఒక మాట ఉంటుంది. అగస్టస్ నాణెం మీద "డివి ఫిలియుస్", అంటే దేవుడైన సీజర్ కొడుకు. టైబీరియస్ నాణెం మీద దేవుడైన అగస్టస్ కొడుకు. టైబీరియస్‌ని మాత్రం చచ్చాక ఎవరూ దేవుణ్ణి చేయలేదు, అది వేరే సంగతి.

మిరియాలకో బట్టలకో మారకంగా వచ్చిన వెండిని తూకం వేసి తీసుకున్న మనవాళ్ళకి ఆ అక్షరాలతో ఏం పని? దక్షిణాదిలో దొరికిన రోమన్ నాణేలు కొన్నిటికి రాజుగారి మొహం మీదే ఉలిగాటు ఉంటుంది.

కాసులపేరు గారూ, మీరు కృష్ణా ఒడ్డువారే కదా. నాగార్జునకొండలో ఏం దొరికిందో మీరే చెప్పండి.

కాసులపేరు
ఆదివారం రాత్రి 8.25

చెప్తాను మాస్టారూ. అక్కడ దొరికినవి బంగారువి. ఒకటి టైబీరియస్‌ది, ఇంకొకటి ఫౌస్టినాది. ఫౌస్టినా ఎవరనుకున్నారు? శ్రీను గారి ఆంటొనినస్ పయస్ భార్య! ఇంటావిడ కృష్ణా తీరానికి వచ్చింది, ఇంటాయన మ్యూనిక్‌లో దొరికాడు.

"నాన్న దేవుడైతే కొడుక్కి లాభం" అన్న లెక్క ఈవిడ దగ్గర సరిపోదు. 140లో ఆవిడ పోయేనాటికి ఆంటొనినస్ గద్దె మీద స్థిరంగా ఉన్నాడు. అయినా దేవతని చేశాడు, గుడి కట్టించాడు, పాలన చివరిదాకా ఆవిడ పేరున బంగారం, వెండి, ఇత్తడి కొట్టిస్తూనే ఉన్నాడు. నెమలి, సెరెస్ దేవత, "ఎటర్నిటాస్" (శాశ్వతత్వం) అని ఎన్నో రకాలు. ఇరవై ఏళ్ళు! దీన్ని రాజకీయం అనడానికి నాకు నోరు రావట్లేదు.

నాగార్జునకొండలోనే ఛాయాస్తంభాలు ఉన్నాయి, చనిపోయిన వాళ్ళ జ్ఞాపకానికి నిలబెట్టిన రాళ్ళు. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడికి ఆయన ఇంటి ఆడవాళ్ళు నిలబెట్టించారు. పోయినవాణ్ణి తలుచుకోవడానికి మనవాళ్ళు రాయి వాడారు, నాణెం కాదు. అదే చోట శాసనాల్లో "దీనారి మాషకాలు" అన్న మాట కూడా ఉంది. డినారియస్ పేరు దీనారంగా మన భాషల్లోకి వచ్చేసింది కానీ, దాని మీది దేవుడు రాలేదు.

పాతవెండి (నిర్వాహకుడు)
ఆదివారం రాత్రి 9.02

ఫౌస్టినా విషయంలో ఒప్పుకుంటున్నాను. సగం. భార్య దేవత అయితే కూతురు చిన్న ఫౌస్టినా దేవత కూతురు, ఆమెని పెళ్ళాడిన పెంపుడు కొడుకు మార్కస్ దేవత అల్లుడు. ఇంట్లో ఎవరికీ నష్టం లేదు.

జెర్సీ_సుజాత
ఆదివారం రాత్రి 9.10

మీకు పెళ్ళి కాలేదా అండీ?

కొత్తసభ్యుడు_27
ఆదివారం రాత్రి 9.48

నమస్తే. మా తాత పొలంలో ఇలాంటివే కుండలో దొరికాయని ఊళ్ళో అనుకుంటున్నారు. ఒక్కోటి ఎంత పలుకుతుంది? ఎవరైనా కొంటారా?

పాతవెండి (నిర్వాహకుడు)
ఆదివారం రాత్రి 9.55

తమ్ముడూ, ఇక్కడ ఆ బేరం కుదరదు. భూమిలో దొరికినదానికి 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. కలెక్టరుకి తెలియజేయాలి, దాచిపెడితే నేరం. నూరేళ్ళు దాటిన నాణేలు 1972 చట్టం ప్రకారం పురావస్తువులు, దేశం దాటించడం కుదరదు. తహసీల్దార్ ఆఫీసుకి వెళ్ళి రాతపూర్వకంగా ఇవ్వండి. కుండని కూడా పారేయొద్దు, ఏ కాలంలో పాతారో అదే చెబుతుంది. కడగొద్దు.

మ్యూనిక్_శ్రీను
సోమవారం రాత్రి 10.30

అందరికీ పేరుపేరునా థాంక్స్. నేను ఒక మొహం కోసం వెళ్తే ఇంటిల్లిపాదీ దొరికారు.

బరువు 3.31 గ్రాములు, వ్యాసం 18 మిల్లీమీటర్లు. అంచు ఫోటో పెట్టాను. దారంతో నీళ్ళలో వేలాడదీసి కూడా తూచాను, బరువు 0.33 తగ్గింది. లెక్క వేస్తే సాంద్రత సుమారు 10.

ఒక చిన్న సందేహం. చితి అడుగు అంతస్తులో నల్లగా పేరుకుపోయింది. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి "చింతపండు పెట్టి తోమరా, లేకపోతే విభూతి" అంటోంది.

జెర్సీ_సుజాత
సోమవారం రాత్రి 10.33

వద్దు!!!

గోదారోడు
సోమవారం రాత్రి 10.34

అమ్మగారికి నమస్కారాలు చెప్పి, ఫోన్ పెట్టేసి, నాణెం బీరువాలో పెట్టెయ్.

పాతవెండి (నిర్వాహకుడు)
సోమవారం రాత్రి 11.15

ఆ నలుపు ఎన్నో ఏళ్ళకి పట్టింది, దాన్ని తీస్తే విలువ సగం పోతుంది, అందం మొత్తం పోతుంది. చింతపండు కంచు చెంబులకి ఉంచండి.

బరువు బాగుంది. ఆ కాలపు డినారియస్ మూడు గ్రాముల పైన ఉండటం మామూలే. శుద్ధమైన వెండి సాంద్రత 10.5, రాగి 9 కంటే కాస్త తక్కువ. మార్కస్ నాటికి నూటికి ఎనభై పాళ్ళ దాకా వెండి, మిగతాది రాగి, కాబట్టి 10 చుట్టుపక్కల రావాలి. కాకపోతే ఇంత చిన్న నాణేనికి త్రాసు ఒక్క పాయింటు అటూ ఇటూ చూపిస్తే లెక్క మారిపోతుంది, దీన్నొక్కదాన్నే నమ్మొద్దు. నాకు నచ్చింది అంచు. సుత్తి దెబ్బకి అంచు చీలిన చిన్న పగుళ్ళు రెండుచోట్ల ఉన్నాయి, ఆ పగులు లోపలికి పోయింది. అచ్చులో పోసిన నకిలీకి ఇలా రాదు, చుట్టూ అతుకు గీత వస్తుంది, లేదా ఆ గీతని ఆకురాయితో రుద్దిన గుర్తు. రాగి దిమ్మకి వెండి రేకు తొడిగిన పాతకాలపు దొంగ నాణెమైతే ఆ పగులులో ఎరుపో పచ్చో కనిపించేది. లేదు.

నా మట్టుకు అసలుదే.

జెర్సీ_సుజాత
మంగళవారం ఉదయం 6.20

నకిలీల మాట వచ్చింది కాబట్టి నా బాధ కూడా రాస్తాను. నేను ట్రేజన్ డీషియస్ వరస సేకరిస్తున్నాను. 249 నుంచి 251 దాకా ఏలిన ఈయన, తనకంటే ముందు దేవుళ్ళైన పదకొండు మందికి ఒకేసారి నాణేలు కొట్టించాడు: అగస్టస్, వెస్పాసియన్, టైటస్, నెర్వా, ట్రేజన్, హేడ్రియన్, ఆంటొనినస్ పయస్, మార్కస్, కొమొడస్, సెప్టిమియస్ సెవెరస్, సెవెరస్ అలెగ్జాండర్. అందరికీ కిరణాల కిరీటమే, బొరుసు వైపు గద్దో బలిపీఠమో. ఇవి డినారియస్‌లు కావు, ఆంటొనినియానస్‌లు అనే తర్వాతి కాలపు నాణేలు, వెండి సగం కూడా ఉండదు. కొన్నిటిని పాత డినారియస్‌ల మీదే మళ్ళీ కొట్టారు. నా దగ్గరున్న ట్రేజన్ చెవి వెనక ఎవరిదో పాత గడ్డం లీలగా కనపడుతుంది. దేవుడి మొహం కింద ఇంకో మొహం!

నా దగ్గర ఏడు ఉన్నాయి. ఎనిమిదోది టైటస్, ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర కొన్నాను. వచ్చింది, మురిసిపోయాను, డబ్బాలో పెట్టాను. నెల తర్వాత అదే అమ్మకందారు ఇంకో టైటస్ పెట్టాడు. దానికీ కంటి కింద అదే గాటు, అదే కోణం, అదే పొడవు. రెండు వేర్వేరు నాణేలకి ఒకే చోట దెబ్బ తగలదు కదా. డబ్బు వెనక్కి రాలేదు. ఇప్పటికీ ఏడు.

గోదారోడు
మంగళవారం ఉదయం 7.02

అక్కా, ఆ జాబితాలో కొమొడస్ ఎలా దూరాడు? వాడు కత్తియుద్ధాల పిచ్చోడు కదా! పాపం క్లాడియస్ లేడు, పెర్టినాక్స్ లేడు.

పాతవెండి (నిర్వాహకుడు)
మంగళవారం ఉదయం 7.40

అది సెప్టిమియస్ సెవెరస్ పుణ్యం. 195 ప్రాంతంలో తనంతట తనే "నేను మార్కస్ ఆరీలియస్ కొడుకుని" అని ప్రకటించుకున్నాడు. మార్కస్ పోయి అప్పటికి పదిహేనేళ్ళు. అప్పుడు కొమొడస్ తమ్ముడయ్యాడు కాబట్టి అతన్నీ దేవుణ్ణి చేయాల్సి వచ్చింది. "మీకు తండ్రి దొరికినందుకు అభినందనలు" అని ఒక పెద్దమనిషి సెవెరస్ మొహం మీదే అన్నాడట.

డీషియస్ బాధ వేరు. రోమ్‌కి వెయ్యేళ్ళ పండగ 248లో చేసుకున్నారు. మరుసటి ఏడాదే సైన్యం బలంతో ఈయన అప్పటి చక్రవర్తి ఫిలిప్‌ని పడగొట్టి వచ్చాడు. తండ్రి దేవుడు కాదు, దత్తత లేదు. కాబట్టి పదకొండు మందినీ కలిపి అరువు తెచ్చుకున్నాడు. రెండేళ్ళకే 251లో అబ్రిటస్ దగ్గర గోత్ తెగవాళ్ళతో యుద్ధంలో పోయాడు.

నల్లగొండ_మాస్టారు
మంగళవారం ఉదయం 9.30

శ్రీను గారూ, ఎప్పుడైనా రోమ్ వెళ్తే ఫోరమ్ అనే పాత నగర కూడలిలో ఆంటొనినస్, ఫౌస్టినాల గుడి చూడండి. తర్వాతి కాలంలో చర్చిగా మారింది కాబట్టి స్తంభాలు నిలిచాయి. ఆయన భార్య కోసం కట్టించినది. ఆయన పోయాక పేరు కూడా అక్కడే చెక్కారు. రాతలో ఇప్పుడు ఆయన పేరు ముందు, ఆవిడ పేరు వెనక. గుడి మాత్రం ఆవిడదే.

మ్యూనిక్_శ్రీను
మంగళవారం రాత్రి 9.15

మాస్టారూ, డిసెంబరు సెలవులకి టికెట్లు చూస్తున్నాను, ఒట్టు.

కొత్త కవరు తెచ్చి "బొమ్మ: ఆంటొనినస్ పయస్. కొట్టించింది: మార్కస్ ఆరీలియస్. 161 తర్వాత" అని రాశాను. పాత కవరు పారేయాలా?

పాతవెండి (నిర్వాహకుడు)
మంగళవారం రాత్రి 9.20

పారేయకండి. అదీ దాని జాతకంలో భాగమే. రెండూ కలిపి పెట్టండి. అమ్మినాయన ఇచ్చిన రసీదు కూడా.

మ్యూనిక్_శ్రీను
మంగళవారం రాత్రి 9.41

సరే అండి. ఇంకో మాట. ఆ దుకాణాయన దగ్గరే నెమలి బొమ్మతో ఫౌస్టినా ఒకటి చూశాను, అరవై యూరోలు. వచ్చే నెల సంతకి మళ్ళీ వస్తానన్నాడు. మా ఆవిడ కూడా ఈసారి తనూ వస్తానంటోంది.

జెర్సీ_సుజాత
మంగళవారం రాత్రి 9.44

అంచు ఫోటో ఇక్కడ పెట్టకుండా కొన్నారో, ఊరుకోను.